పోస్టరు మీద మిడత

పిల్లల ఆసుపత్రి, నాలుగో అంతస్తు
మంగళవారం

తమ్ముడూ,

చేతిలో ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటి అనుకోకు. నువ్వు మిడతా అని ముద్దుగా పిలిచే నీ మేనకోడలివి పాముచెవులు. నేను మంచం పక్కన కూర్చుని ఫోనెత్తితే చాలు, కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తూ అక్షరం పొల్లుపోకుండా వింటుంది. వరండాలోకి వెళ్ళి మాట్లాడితే అనుమానం ఇంకా ఎక్కువ. అందుకే నువ్వెన్ని అడిగినా "ఊఁ, ఆఁ, బానే ఉంది" తప్ప చెప్పలేకపోతున్నాను. ఈ కాగితం మీద కుట్టు కొలతలు రాసుకుంటున్నానని దానికి చెప్పాను.

నీ రక్తం కలవలేదని నీకు తెలుసు. నాదీ పనికిరాదట. మిడత ఒంట్లో నా రక్తానికి ఎదురుతిరిగే గుణమేదో ఉందట, ఎక్కించినా నిలవదట. తొమ్మిది నెలలు మోసిన దాన్ని నేను, చూశావా! దాని రక్తం జబ్బుకి మందులు చెయ్యగలిగినంత చేశాయి, ఇక ఎముకల్లో మజ్జ మార్చడం ఒక్కటే దారి అన్నారు. మిగిలింది మీ బావ. ఆయనది సగం కలిసింది. సగమైనా చాలు అంది డాక్టరమ్మ.

ఆ మాట వినగానే నేను లేచి ఆవిడ చేతులు పట్టేసుకున్నాను. మీ బావ మాత్రం నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. టైల్స్ మేస్త్రి కదా, ఎక్కడికెళ్ళినా ముందు నేల చూస్తాడు, ఇదీ అదే అనుకున్నాను. "కలవని సగం ఏం చేస్తుందండీ?" అని అడిగాడు. ఆవిడ దాచలేదు. తండ్రి మజ్జ పిల్ల ఒంట్లో కుదురుకోవచ్చు, లేదా పిల్ల ఒంటినే పరాయిదనుకుని తినెయ్యొచ్చు అంది. చర్మం, పేగులు, కాలేయం, దేన్నీ వదలదట.

"ఎక్కించకపోతే?" అన్నాను.

"అది మీకు తెలుసమ్మా" అంది.

మర్నాడు పొద్దున మీ బావ దాని నుదుటి మీద ముద్దు పెట్టుకుని బయటికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఫోను ఆపేశాడు. పనిచేసే చోట లేడు, ఇంటికి వేసిన తాళం వేసినట్టే ఉంది. నోట్లో నాలుక లేని మనిషి. పోట్లాడి వెళ్ళే రకమైతే నాకింత భయం ఉండేది కాదు.

నీ దగ్గరికేమైనా వచ్చాడా?

అక్క

*

ఐస్ ఫ్యాక్టరీ క్వార్టర్లు, రేవు రోడ్డు
శుక్రవారం

అక్కా,

ఇక్కడికి రాలేదు. నీ ఉత్తరం అందిన వెంటనే బస్టాండుకు వెళ్ళాను. బావ ఇదివరకు పనిచేసిన హోటలుకు, కొత్తగా కడుతున్న ఆ అపార్ట్‌మెంటుకు కూడా వెళ్ళాను. అక్కడి మేస్త్రీలు "అంత నెమ్మదస్తుడు ఎక్కడికి పోతాడు, ఏ మూలో కూర్చుని ఉంటాడు" అన్నారు. నేనూ అదే అనుకుంటున్నాను. నువ్వు రాయకుండా వదిలేసిన భయం నాకర్థమైంది. ఆ పని చేసే మనిషి కాదు బావ. మధ్యలో పని వదిలితే నేల పాడవుతుందని జ్వరంతో కూడా సిమెంటు కలిపే మనిషి.

నేనొచ్చేద్దామనుకుంటే రెండో కంప్రెసర్ మొరాయించింది. అది ఆగితే రేవులో చేపలన్నీ కుళ్ళిపోతాయి, మేనేజరు నన్నూ వాటితో పాటు పారేస్తాడు. దారిలో పెట్టేసి వస్తాను.

మిడత అడిగితే నాన్న దూరంలో పెద్ద పని ఒప్పుకున్నాడని చెప్పు. నువ్వు తిండి మానకు. ఆ పిల్లని ఎత్తుకోవాలన్నా ఒంట్లో సత్తువ ఉండాలి.

తమ్ముడు

*

పిల్లల ఆసుపత్రి, నాలుగో అంతస్తు
గురువారం

తమ్ముడూ,

నువ్వు చెప్పమన్నదే చెప్పాను. "ఎంత పెద్ద పని? ఎయిర్‌పోర్టు అంతా?" అంది. అవునన్నాను. "అయితే చాలా టైల్స్ పడతాయి" అని గోడవైపు తిరిగింది. నమ్మిందో, నమ్మినట్టు నాకోసం నటించిందో తెలీదు.

ఇక్కడ ఇంకో సంగతి. ఈ ఆసుపత్రి కోసం చందాల పరుగు ఒకటి పెడుతున్నారు. ఆటల మైదానం దగ్గర బయల్దేరి ఆసుపత్రి గేటు దాకా వస్తారట. మజ్జ మార్చిన పిల్లల్ని ఉంచడానికి గాలి వడగట్టి పంపే అద్దాల గది ఉండాలి. అలాంటివి రెండుంటే ఒకటి పాడై మూతపడింది. ఉన్న ఒక్కదాని కోసం పిల్లలు వరసలో ఉన్నారు. ఈ పరుగులో వచ్చిన డబ్బుతో కొత్త గదులు కడతారట. నిర్వాహకురాలు వచ్చి మిడత ఫోటో పోస్టరు మీద వేసుకుంటామని అడిగింది. మంచి మనిషే. నా చెయ్యి పట్టుకుని మాట్లాడింది.

"ఆ గదులు ఎప్పటికవుతాయండీ?" అన్నాను.

"అన్నీ కుదిరితే వచ్చే ఏడాదికి."

"మరి మా పాపకి?"

ఆవిడ చేతిసంచీ సర్దుకుంది. నేను సంతకం పెట్టేశాను. ఎందుకు పెట్టానో తెలుసా? దేశం మీద ఎక్కడున్నా మీ బావ కంట పడుతుందని.

ఫోటో తీసే అతను ముందు నవ్వమన్నాడు. తరవాత "కొంచెం నీరసంగా ఉండు తల్లీ" అన్నాడు. "అంకుల్, నవ్వాలా, నీరసంగా ఉండాలా? రెండూ ఒకేసారి రావు నాకు" అంది మిడత. అతను సిగ్గుపడి కెమెరా దించేశాడు. చివరికి అది మూతి బిగించి అతన్ని కోపంగా చూస్తున్న బొమ్మే తీసుకున్నారు.

అతను వెళ్ళాక అడిగింది: "అమ్మా, గోడల మీద వేసేది గెలిచినవాళ్ళ బొమ్మా, పోయినవాళ్ళ బొమ్మా?"

నేను స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని నిలబడ్డాను.

వరసలో ఇప్పుడు మిడత వంతు వచ్చింది తమ్ముడూ. గదిలో ఉన్న అబ్బాయి ఈ వారం బయటికొస్తాడు. పరుగు జరిగే ఆదివారం సాయంత్రంలోగా మజ్జ ఇచ్చే మనిషి కనపడకపోతే ఆ గదిని మా పక్క మంచం పాపకి ఇస్తామన్నారు. ఆ పాపకి మజ్జ ఇచ్చే మనిషి సిద్ధంగా ఉన్నాడు, వాళ్ళ అన్నయ్య. తప్పు అనలేను. ఆ పిల్లకి నిన్న నేనే గౌను బొత్తాలు కుట్టి ఇచ్చాను.

నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు. అడకత్తెరలో పోకచెక్కకైనా ఒక్కసారే తెగే సుఖం ఉంటుంది.

అక్క

*

ఐస్ ఫ్యాక్టరీ క్వార్టర్లు
సోమవారం

అక్కా,

ఉత్తరం అందింది. పోస్టర్లు మా బస్టాండులోనూ అంటించారు. మిడత బాగుంది. కోపం అచ్చం నీదే.

ఆదివారం నేను వస్తున్నాను. కంప్రెసర్ సంగతి ఎవడో చూసుకుంటాడు. ఇంకేం రాయాలో తెలీడం లేదు.

తమ్ముడు

*

పిల్లల ఆసుపత్రి
బుధవారం

ఒరేయ్,

ఇదేం ఉత్తరంరా? అడిగినదానికి జవాబు లేదు. బావ గురించి ఒక్క ముక్క లేదు. "వెతుకుతున్నాను" అని అబద్ధమైనా రాయకూడదా? నువ్వు కూడా చేతులెత్తేశావని అర్థం చేసుకోమంటావా?

నిన్న మిడత ముక్కులోంచి రక్తం ఆగలేదు. దూది మీద దూది పెట్టాం. నర్సమ్మ దానికి జోకులు చెబుతూ నా మొహం చూడకుండా పనిచేసింది. అది మాత్రం "అమ్మా, దుప్పటి పాడైంది, వాళ్ళు తిడతారేమో" అంటుంది.

పరుగువాళ్ళ బనీన్లు చూపించారు. వీపు మీద మిడత బొమ్మ. భుజాల దగ్గర కుట్టు వంకర. ఇంకోరోజైతే మొత్తం విప్పి నేనే కుట్టేదాన్ని. అందులో ఒక బనీను లావుపాటి ఆయన ఎవరో వేసుకుని చూసుకున్నాడు. బొమ్మ సాగి, నా బిడ్డ బుగ్గలు ఒకప్పటిలా నిండుగా కనిపించాయి. ఆయన వెనకాలే మెట్ల దాకా నడిచాను, పిచ్చిదానిలా.

బయల్దేరే ముందు వేదిక మీద నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. అందరికీ కృతజ్ఞతలు చెప్పాలట. కాగితం మీద రాసి కూడా ఇచ్చారు. సరేనన్నాను.

వస్తే రా. రాకపోతే మానెయ్.

అక్క

*

ఐస్ ఫ్యాక్టరీ క్వార్టర్లు
మంగళవారం

అక్కా,

ఆదివారం నువ్వు నన్ను వార్డు బయటికి పొమ్మన్నావు. వచ్చేశాను. నా మొహం చూడనన్నావు, అందుకే రాస్తున్నాను. చింపేసే ముందు చదువు.

నేను మొదటి ఉత్తరం రాసిన మర్నాడే బావ నా గది ముందు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో పనిముట్ల సంచీ తప్ప ఏమీ లేదు. నీకు ఫోన్ చెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పావంటే ఇక్కణ్ణుంచీ వెళ్ళిపోతాను. ఈసారి ఎక్కడికి వెళ్ళానో నీకూ తెలీదు" అన్నాడు. ఆ కళ్ళు చూస్తే అన్నంత పనీ చేసేలా ఉన్నాడు. చెప్తే పోతాడు, చెప్పకపోతే కనీసం నా కళ్ళ ముందుంటాడు. నెమ్మదిగా ఒప్పిద్దామనుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది. నువ్వక్కడ ఏమైపోతున్నావో తెలిసీ రాయలేకపోయాను.

రోజూ అడిగాను, బతిమాలాను, తిట్టాను. ఒకరోజు కాలర్ పట్టుకున్నాను కూడా. అన్నిటికీ ఒకటే మాట. "పిల్ల జబ్బుతో పోతే దేవుడు తీసుకెళ్ళాడనుకుంటాను. నా మజ్జ దాన్ని తినేస్తే నేను చంపినట్టు కదరా!"

మా బస్టాండులో పోస్టరు అంటించినరోజు చెప్పకుండా వెళ్ళాడు. పారిపోయాడేమోనని పరిగెత్తాను. గోడ ముందు నిలబడి ఉన్నాడు. అంటించినవాడెవడో వంకరగా అంటించాడట. బంక ఇంకా ఆరలేదు. సంచీలోంచి రసమట్టం తీసి, పోస్టరు అంచుకు ఆనించి, బుడగ మధ్యకి వచ్చేదాకా మెల్లిగా సర్దుతున్నాడు. జనం నవ్వుకుంటూ పోతున్నారు. అప్పుడే అనుకున్నాను, ఈ మనిషిని ఎలాగైనా ఆదివారం అక్కడికి తీసుకురావాలని. "దూరం నుంచి చూసి వచ్చేద్దాం, నిన్నెవరూ ఏమీ అడగరు" అన్నాను. వచ్చాడు.

వేదిక మీద నువ్వేమన్నావో నీకు తెలుసు. నువ్వు చూడనిది నేను చెప్తాను.

మేము జనం చివర, మంచినీళ్ళ బల్ల పక్కన నిలబడ్డాం. వాళ్ళిచ్చిన కాగితం నువ్వు మడిచేసి, "నాకు మాట్లాడటం రాదు. మీరంతా నా కూతురి బొమ్మ వేసుకుని దానికోసం పరిగెత్తుతున్నారు. దాని నాన్న దాన్ని వదిలేసి కాళ్ళకి బుద్ధి చెప్పాడు" అన్నావు. నిర్వాహకురాలు మైకు అందుకోబోయింది. నువ్వివ్వలేదు. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. గోళ్ళు దిగిన గుర్తులు ఇంకా ఉన్నాయి.

"ఆయన చెడ్డవాడు కాడు, భయపడ్డాడు" అన్నావు. "మీలో ఎవరికైనా కనిపిస్తే ఒక్క మాట చెప్పండి. నీ మజ్జ దాన్ని చంపితే, చంపింది నువ్వు కాదు. అడిగినదాన్ని నేను. ఆ పాపం నా నెత్తిన వేసెయ్. నువ్వు ఊరికే వచ్చి పడుకో చాలు."

అప్పుడు పరుగు మొదలుపెట్టమని ఈల వేశారు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ వేశారు. అందరూ ఒక్కసారి కదిలారు. బావ రోడ్డు మధ్య కూలబడిపోయాడు. వందలమంది ఆయన్ని తప్పించుకుంటూ ఇటూ అటూ చీలిపోతున్నారు. ప్రతి వీపు మీదా మిడత కోపంగా చూసుకుంటూ పోతోంది. నేను లేపబోతే నన్ను తోసేశాడు. తనే లేచాడు. పరిగెత్తాడు.

ఏళ్ళ తరబడి నేల మీద ఆనించి అరిగిపోయిన మోకాళ్ళు అవి. కుంటుతూ, ఒక చెప్పు వదిలేసి, నోరు తెరుచుకుని పరిగెత్తాడు. దారి పక్కన నిలబడ్డవాళ్ళకు సంగతేం తెలుసు? చప్పట్లు కొట్టారు. ఒకావిడ "శభాష్ అన్నయ్యా, ఆగకండి, దగ్గరకొచ్చేశారు!" అని నీళ్ళ సీసా అందించింది. ఆయన తీసుకోలేదు. ఏడుస్తున్నాడు. ఆవిడ దాన్ని చెమట అనుకుంది.

మిగతాది నీకు తెలుసు. వార్డు తలుపు దగ్గర నువ్వు ఒక్కటే అడిగావు, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావ్?" అని. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు.

నువ్వు నన్ను కొట్టినా బాగుండేది అక్కా.

తమ్ముడు

*

పిల్లల ఆసుపత్రి, అద్దాల గది బయట

తమ్ముడూ,

నీ మీద కోపం పోలేదు. కానీ నాకు చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు.

ముందు మిడత ఒంట్లో ఉన్నదంతా మందులతో చంపేశారు. వెంట్రుకలు ఊడాయి, నోరంతా పుండ్లు. తరవాత మీ బావ దగ్గర తీసినది ఎక్కించారు. ఏదో పెద్ద ఆపరేషన్ అనుకున్నాను. ఏమీ లేదు. ఎర్రటి సంచీ ఒకటి వేలాడదీశారు, చుక్కలు చుక్కలుగా దిగింది. "ఇంతేనా? దీనికేనా నాన్న అంత భయపడింది?" అంది. నేను ఉలిక్కిపడ్డాను. దానికి ఎప్పటినుంచి తెలుసో, ఎంత తెలుసో నేనడగలేదు.

కొన్నాళ్ళు బాగానే ఉంది. ఇప్పుడు దద్దుర్లు మొదలయ్యాయి. మొదట అరచేతుల్లో, తరవాత వీపంతా. కాలినట్టు తోలు లేస్తోంది. నీళ్ళు తాగినా కడుపులో నిలవడం లేదు. డాక్టరమ్మ ఏదైతే జరగొచ్చు అందో అదే జరుగుతోంది. మీ బావ మజ్జ దాన్ని తింటోంది.

మైకులో చెప్పడం తేలిక తమ్ముడూ. ఆ పాపం నా నెత్తిన వెయ్యమన్నాను కదా, వేశారు. మొయ్యలేకపోతున్నాను. అది మంట అని అరిచినప్పుడల్లా "నువ్వే అడిగావు, నువ్వే అడిగావు" అని నా గుండె అంటోంది. ఎక్కించడం మానేసి ఉంటే ఈపాటికి ప్రశాంతంగా పోయేదేమో అని కూడా అనుకున్నాను. కన్నతల్లిని, అలా అనుకున్నాను.

నేను లోపల ఉన్నప్పుడు మీ బావ అద్దం అవతల నిలబడి ఉంటాడు. నాతో మాట్లాడడు, నేనూ మాట్లాడను. "నేను చెప్పానా" అంటాడేమో, అంటే గొంతు పట్టుకుందామని చూస్తున్నాను. అనడం లేదు. నిన్న లోపలికి వెళ్ళే వంతు ఆయనది. మిడత కళ్ళు తెరిచి "నాన్నా, నీది నన్ను కొడుతోంది. ఆపమని చెప్పు" అంది. ఆయన వంగి దాని పొట్ట మీద చెయ్యి ఆనీ ఆనకుండా పెట్టి, పక్కింటి పిల్లల్ని మందలించినట్టు, "ఏయ్, ఇది మనిల్లే. మనిల్లే ఇది. కొట్టకండి" అన్నాడు. అలా అంటూనే ఉన్నాడు. నర్సమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

నాకు ఏడుపు కూడా రాలేదు.

అక్క

*

ఐస్ ఫ్యాక్టరీ క్వార్టర్లు

అక్కా,

ఏం రాసినా నీకు చల్లటి మాటే అవుతుంది, నా ఉద్యోగంలాగా. అందుకని ఒక్కటే రాస్తాను. నువ్వు అడగకపోతే బావ వచ్చేవాడు కాదు, నేను చెప్పుంటే నువ్వు అలా అందరి ముందూ అడగాల్సి వచ్చేది కాదు. కాబట్టి ఆ బరువులో నా వాటా నాకివ్వు. మొత్తం నువ్వే మొయ్యకు.

రమ్మను, వస్తాను. వద్దంటే గేటు బయట ఉంటాను.

తమ్ముడు

*

ఆసుపత్రి వెనక వీధి, అద్దెగది
మధ్యాహ్నం

తమ్ముడూ,

మిడతని అద్దాల గది నుంచి వార్డులోకి మార్చారు. దద్దుర్లు తగ్గాయి. కొత్త చర్మం గులాబీ రంగులో, అప్పుడే పుట్టినప్పటిలా ఉంది. మీ బావ మజ్జ కుదురుకుందన్నారు. "ఇంకా ఏడాది దాకా ఏదీ గట్టిగా చెప్పలేం, కానీ ఈ గండం దాటింది" అంది డాక్టరమ్మ. నిన్న అది బిస్కట్టు అడిగింది. తిన్నాక ఇంకొకటి అడిగింది.

నీకు ఫోన్‌లో అరిచి చెప్పాల్సిన మాట ఇది. చెప్పలేకపోయాను. ఎందుకో విను.

పక్క మంచం పాపకి గది దొరకలేదు. మిడత లోపల అన్నాళ్ళు ఉండాల్సి వచ్చింది కదా. వేరే ఊరు తీసుకెళ్దామని చూశారు, ప్రయాణానికి ఆ పిల్ల తట్టుకోలేదు. మొన్న పోయింది. కొత్త గదుల కోసం పైన గోడలు కొడుతున్నారు, ఆ చప్పుడు రోజంతా వినిపిస్తోంది. ఆ గదులకి మా మిడత పేరే పెడతారట. నిర్వాహకురాలు సంతోషంగా వచ్చి చెప్పింది. వద్దన్నాను. ఆ పాప పేరు పెట్టమన్నాను. ఆలోచిస్తామంది.

ఆ పిల్ల తల్లి నాకు లిఫ్టులో ఎదురైంది. సామాను సంచీలతో దిగుతోంది. నేను తల దించుకున్నాను. "మీ పాప ఎలా ఉంది?" అని అడిగింది. "బాగుంది" అనడానికి నోరు రాలేదు. ఆవిడే నా భుజం మీద చెయ్యి వేసి, "బాగుందట కదా, నర్సు చెప్పింది. పోనీలే" అంది. ఆ 'పోనీలే'ని నేను ఈ జన్మలో మొయ్యలేను తమ్ముడూ. దీని ముందు మీ బావ మీద కోపం, నీ మీద కోపం ఏపాటివి? చిన్న పిల్లల అలకల్లా కనిపించాయి.

వచ్చే వారం రా. మిడత "మామయ్య ఏడీ, చేపల వాసనతో వస్తాడా?" అని అడుగుతోంది. వచ్చేటప్పుడు మాత్రం ఏమీ దాచుకోకుండా రా.

మీ బావతో ఇంకా సరిగ్గా మాటల్లేవు. కానీ ఈవాళ మధ్యాహ్నం ఆయన మంచం పక్కన దానికి జావ పడుతుంటే, నేను లేచి, "నేను గదికెళ్ళి కాసేపు పడుకుంటాను. చూసుకో" అన్నాను. ఇన్నాళ్ళలో దాన్ని ఆయనకి వదిలి బయటికి రావడం ఇదే మొదలు. ఆయన తలెత్తి నా మొహంలోకి చూశాడు, నేలకేసి కాదు. "వెళ్ళు" అన్నాడు.

వచ్చి పడుకున్నాను. నిద్ర పట్టలేదు. ఆ కుర్చీలో ఆయన ఉన్నాడా, లేడా అని. లేచి చెప్పులు వేసుకుని వీధి తలుపు దాకా వెళ్ళాను. అక్కడే చాలాసేపు నిలబడ్డాను. తరవాత చెప్పులు విప్పేసి, వెనక్కి వచ్చి కూర్చుని నీకిది రాస్తున్నాను.

మళ్ళీ వెళ్ళి పడుకుంటాను.

అక్క